కరెంటు పోయినా పనిచేసేదేది? విశాఖలో కట్టడాల ఊపు తగ్గించే పద్ధతుల్లో ఎంపిక

మధురవాడ, ఎండాడ వైపు భవనాల ఎత్తు పెరిగే కొద్దీ బిల్డర్లూ, ఆర్కిటెక్టులూ, ఎం.టెక్ పిల్లలూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సెన్సర్లు, కంప్యూటర్, మోటార్లు పెట్టి గాలికి ఊగే భవనాన్ని అప్పటికప్పుడు అదుపు చేసే యాక్టివ్ కంట్రోల్ మన ఊరికి పనికొస్తుందా, లేక బరువులు, స్ప్రింగులు, ఊపును మింగే ఆయిల్ డ్యాంపర్లతో పని జరుగుతుందా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. తుఫానులో పనిచేయాల్సిన దేనికైనా ఇక్కడ ముందు ప్యాసివ్ పద్ధతి చూడండి. అది చాలదని లెక్కలో తేలితే సెమీ యాక్టివ్‌కో హైబ్రిడ్‌కో వెళ్లండి. అచ్చమైన యాక్టివ్‌ను ప్రయోగశాలలకూ సున్నితమైన యంత్రాలకూ ఉంచండి.

ఈ వరుసకు కారణం 2014 అక్టోబరు 12. ఆ రోజు హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కరెంటు స్తంభాలు వరసగా కూలాయి, చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. భవనానికి సాయం అత్యవసరమైన గంటలోనే సరఫరా లేదన్నమాట. జనరేటర్ ఉందిగా అంటారు. కానీ సెల్లార్‌లోకి నీళ్లు రాకూడదు, ఛేంజోవర్ పడాలి, డీజిల్ ఉండాలి, కేబుల్ తెగకూడదు. ఇన్నీ సరిగ్గా ఉంటేనే పనిచేసే రక్షణను డిజైన్ లెక్కలో చేర్చుకోవడానికి నాకు మనసు ఒప్పదు.

పేర్ల సంగతి క్లుప్తంగా. ప్యాసివ్ అంటే కరెంటుతో పనిలేనిది: ట్యూన్‌డ్ మాస్ డ్యాంపర్ (కట్టడం ఊపుకు లయ కుదిర్చి వేలాడదీసే బరువు), ఆయిల్ డ్యాంపర్, నీళ్ల ట్యాంకు, రబ్బరు బేరింగ్. యాక్టివ్ అంటే కదలికను కొలిచి, మోటారుతోనో హైడ్రాలిక్ జాక్‌తోనో ఎదురు బలాన్ని ప్రయోగించేది. సెమీ యాక్టివ్ తనంతట తాను నెట్టదు. డ్యాంపర్ పట్టు ఎంత బిగువుగా ఉండాలో మాత్రం క్షణక్షణం మారుస్తుంది. ప్యాసివ్ బరువుకు చిన్న మోటారు జోడిస్తే హైబ్రిడ్.

ముందు దేనివల్ల ఊగుతోందో తేల్చండి

పరికరం పేరుతో కాకుండా ఊపు పుట్టిన చోటుతో మొదలుపెట్టాలి. విశాఖలో ఎత్తైన కట్టడాలకు ప్రధాన శత్రువు గాలి. గాలి భారాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగం ఈ ఊరికి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాన్ని ఒత్తిడిలోకి మారిస్తే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, ఎత్తుతో వచ్చే పెంపు ఇంకా కలపకుండానే. కైలాసగిరి, సింహాచలం వాలుల్లాంటి చోట్ల కొండ గాలిని ఎగదోస్తుంది. వాలు మూడు డిగ్రీలు దాటితే ఆ గుణకం 1.36 దాకా పోవచ్చని అదే కోడ్ చెబుతుంది. వేగం 1.36 రెట్లయితే ఒత్తిడి దాదాపు 1.85 రెట్లు. ఈ పెంపును వదిలేసిన లెక్క మీద ఏ డ్యాంపర్ ఎంచుకున్నా ఉపయోగం లేదు.

భూకంపం విషయంలో 2016 నాటి ఐఎస్ 1893 పటంలో మనది రెండో జోను, అన్నిటికంటే తక్కువ తీవ్రత ఉన్నది. అందుకే బేస్ ఐసొలేషన్ (అడుగున రబ్బరు బేరింగులు పెట్టి భవనాన్ని నేల కదలిక నుంచి విడదీయడం) గురించి ఇక్కడే చెప్పి ముగిస్తాను. 2001 భూకంపం తర్వాత భుజ్‌లో తిరిగి కట్టిన ఆసుపత్రికి సీసం గుండె ఉన్న రబ్బరు బేరింగులు వాడారు, అక్కడ అది సరైన నిర్ణయం. విశాఖలో ఎత్తైన అపార్ట్‌మెంట్‌కు అదే పెడితే గాలి ఎక్కువున్న చోట అడుగును మెత్తబరిచినట్టవుతుంది. పొట్టిగా ఉండే ఆసుపత్రో, డేటా సెంటరో అయితే ఆలోచించవచ్చు, మిగతావాటికి ఆ డబ్బు కాంక్రీటులో కడ్డీల అమరిక (డిటైలింగ్) మీద పెట్టండి.

చిమ్నీలు: ప్రమాదం మామూలు గాలిలోనే

గాజువాక, పరవాడ వైపు ఫ్యాక్టరీల వాళ్లు చిమ్నీ తుఫానుకు ఊగుతుందనే భయపడతారు. ఉక్కు చిమ్నీలను అలసిపోయేలా చేసేది చాలాసార్లు సాయంత్రపు సముద్రపు గాలే. గుండ్రటి గొట్టం వెనక గాలి సుడులు తిరుగుతూ ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ విడిపోతుంది. గాలి వేగాన్ని వ్యాసంతో భాగించి 0.2తో గుణిస్తే సుడులు సెకనుకు ఎన్నిసార్లు విడిపోతాయో వస్తుంది. రెండు మీటర్ల వ్యాసమున్న చిమ్నీ సహజంగా సెకనుకు ఒకసారి ఊగేదైతే, సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు వచ్చినప్పుడు రెండూ కలుస్తాయి. అలాంటి గాలి ఈ తీరంలో తుఫాను లేకుండానే వస్తుంది. వెల్డింగు పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

దీనికి రెండు ప్యాసివ్ మందులున్నాయి. ఒకటి, పైన మూడో వంతు ఎత్తులో మూడు వరసలుగా మెలితిప్పి వెల్డ్ చేసే పట్టీలు, వీటినే హెలికల్ స్ట్రేక్స్ అంటారు. పట్టీ వెడల్పు వ్యాసంలో పదో వంతు, ఒక చుట్టుకు ఎత్తు వ్యాసానికి ఐదు రెట్లు. ఇవి సుడులను ముక్కలు చేస్తాయి. రెండోది, చిమ్నీ తలకు చుట్టూ వేలాడదీసే ఉంగరం లాంటి ట్యూన్‌డ్ మాస్ డ్యాంపర్. స్ట్రేక్స్ చవక, కదిలే భాగాలు లేవు. కానీ ఆ భాగం మీద గాలి తోపు దాదాపు రెట్టింపవుతుంది. 50 మీటర్ల వేగానికి డిజైన్ చేసే ఊళ్లో ఆ భారం నేరుగా ఫౌండేషన్ బోల్టుల మీద పడుతుంది. కొత్త చిమ్నీ అయితే స్ట్రేక్స్ పెట్టి బోల్టులు దానికి తగ్గట్టు లెక్కేయండి. ఇప్పటికే నిలబడి ఉన్న పాత చిమ్నీకి బోల్టుల్లో మిగులు లేకపోతే ఉంగరపు డ్యాంపర్‌కే వెళ్లండి. యాక్టివ్‌కు ఇక్కడ చోటే లేదు: వేడి, పొగ, ఉప్పుగాలి మధ్య పైన సెన్సర్లనూ మోటార్లనూ ఎవరు చూసుకుంటారు?

టెర్రస్ మీద జనరేటర్, కింద ఫ్లాట్‌లో అదురు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, దీనికి పరిష్కారం అన్నిటికంటే చవక. నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటర్ సెకనుకు 25 సార్లు స్లాబును కొడుతుంది. కింద బిగించే రబ్బరు ప్యాడ్ బరువుకు ఒకటిన్నర మిల్లీమీటర్లే కుంగితే దాని సహజ ఊపు సెకనుకు 13 దగ్గర ఉంటుంది, అదురులో మూడో వంతుకు పైగా కిందికి దిగిపోతుంది. అదే 12 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగు పెడితే ఊపు సెకనుకు నాలుగున్నరకు తగ్గి, కిందికి దిగేది నాలుగు శాతం లోపే. స్లాబు గట్టిగా ఉందనుకుని వేసిన లెక్క ఇది. స్లాబు మధ్యలో పెడితే ఫలితం కొంత తగ్గుతుంది కాబట్టి దూలాల మీదికి జరపండి. పైపులకూ, ఎగ్జాస్ట్‌కూ ఫ్లెక్సిబుల్ బెల్లోలు (వంగే ముడతల గొట్టాలు) తప్పనిసరి. మెషీన్ స్ప్రింగు మీద కూర్చున్నా పైపు గోడకు బిగించి ఉంటే అదురు ఆ దారినే పోతుంది. దీనికి ఎవరైనా యాక్టివ్ మౌంట్ల కొటేషన్ ఇస్తే మర్యాదగా వెనక్కి పంపండి.

ముప్పై అంతస్తుల భవనం: అసలు పోలిక ఇక్కడ

తొంభై మీటర్ల కాంక్రీటు భవనం తీసుకుందాం. అది ఒకసారి ఊగి రావడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. కూలడం గురించి కాదు ఇక్కడ బెంగ, పై అంతస్తుల వాళ్లకు కళ్లు తిరగడం గురించి. పదేళ్లకొకసారి వచ్చే గాలికి నివాస భవనంలో త్వరణం 0.15 మీ./సె² దాటకూడదని ఎత్తైన భవనాల కోడ్ ఐఎస్ 16700 హద్దు. రెండు సెకన్ల భవనానికి దీని అర్థం, అటూ ఇటూ ఒక్కోవైపు ఒకటిన్నర సెంటీమీటర్లు ఊగితే హద్దు చేరినట్టే. ఆ ఊపును తినేసే సహజ డ్యాంపింగ్ గాలి విషయంలో ఒకటి, రెండు శాతమే ఉంటుంది.

ఇక్కడ ట్యూన్‌డ్ మాస్ డ్యాంపర్ బాగా పనిచేస్తుంది. పైన ఒక బరువును భవనం ఊపుకు సరిపోయేలా వేలాడదీస్తే, భవనం ఒకవైపు పోతుంటే అది వెనకబడి, శక్తిని తన డ్యాంపర్లలోకి లాక్కుంటుంది. ఊపులో పాలుపంచుకునే బరువులో ఒక్క శాతం పెట్టినా రెండు, రెండున్నర శాతం డ్యాంపింగ్ కలిసొస్తుంది. తైపే 101లో 660 టన్నుల గోళం దీనికే వేలాడుతోంది. మన దేశంలో 182 మీటర్ల స్టాచ్యూ ఆఫ్ యూనిటీలో 250 టన్నులవి రెండున్నాయి. మన తొంభై మీటర్ల భవనానికి ఒక్కో అంతస్తు 400 చదరపు మీటర్లనుకుంటే 50 టన్నుల లోపు సరిపోతుంది.

యాభై టన్నులనగానే నాకు ముందు గుర్తొచ్చేది నీళ్ల ట్యాంకు. ఎలాగూ పైన కట్టేదే కదా, దాన్నే డ్యాంపర్‌గా మలచవచ్చు. 2.3 మీటర్ల పొడవు గదిలో 69 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోస్తే, ఆ నీళ్లు సరిగ్గా రెండు సెకన్లకొకసారి అటూ ఇటూ తుళ్లుతాయి. కాబట్టి పెద్ద ట్యాంకును అలాంటి గదులుగా విడగొట్టి, మధ్యలో జల్లెడ తెరలు పెడితే చాలు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. నీళ్లలో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే ఊపులో పాల్గొంటాయి, మిగతాది బరువుగా కూర్చుంటుంది. అందుకే 50 టన్నుల ప్రభావానికి దాదాపు 80 టన్నుల నీళ్లు కావాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఉదయం అందరూ స్నానాలు చేసి లోతు 40 సెంటీమీటర్లకు పడిపోతే తుళ్లే కాలం 2.4 సెకన్లకు మారుతుంది. భవనానికీ నీళ్లకూ లయ తప్పుతుంది, డ్యాంపర్ ఉన్నా లేనట్టే. వాడుక నీళ్లను దీనికి వాడకండి. ఎప్పుడూ నిండుగా ఉండాల్సిన ఫైర్ ట్యాంకును వాడండి. వాంకూవర్‌లోని వన్ వాల్ సెంటర్ పైన నీళ్ల డ్యాంపర్లు రెండు పనులూ చేస్తున్నాయి. నా లెక్కలో విశాఖ అపార్ట్‌మెంట్‌కు మొదటి ఎంపిక ఇదే. పైన అంత చోటు లేకపోతే ఉక్కు బరువు.

యాక్టివ్ మాస్ డ్యాంపర్ కూడా పైన బరువునే కదుపుతుంది, కానీ మోటారుతో. అందుకే తక్కువ బరువుతో ఎక్కువ పని చేస్తుంది, ఒకే ఊపుకు కట్టుబడి ఉండదు, భవనం మెలితిరిగే ఊపునూ పట్టుకుంటుంది. 1972లో జె.టి.పి. యావో నిర్మాణాలకు నియంత్రణ సిద్ధాంతాన్ని వర్తింపజేయాలని ప్రతిపాదించారు. 1989లో టోక్యోలో కజిమా సంస్థ పదకొండు అంతస్తుల సన్నటి క్యోబాషి సెయివా భవనం మీద నాలుగు టన్నులదీ, ఒక టన్నుదీ రెండు బరువులు పెట్టి నిజం చేసింది. పెద్దది అడ్డ ఊపుకు, చిన్నది మెలికకు. షాంఘై వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌లో 90వ అంతస్తులో 150 టన్నులవి రెండున్నాయి. ఆ ఇంజనీరింగ్ మీద నాకు ఎంతో గౌరవం. కానీ జపాన్‌లో ఇలాంటివి చాలావరకు నివాసుల సౌకర్యం కోసం పెట్టినవి. బరువు తన పట్టాల చివరికి చేరేంత పెద్ద ఊపు వస్తే దానంతటదే ఆగిపోయేలా డిజైన్ చేస్తారు. నిర్మాణ భద్రతను వాటి మీద ఆధారపెట్టరు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి మీరే అడగాలి.

ఇంకో సంగతి ఆలస్యం. కొలవడం, లెక్కించడం, వాల్వు తెరుచుకోవడం అన్నీ కలిపి సెకనులో ఇరవయ్యో వంతు పట్టిందనుకోండి. రెండు సెకన్ల ఊపులో అది తొమ్మిది డిగ్రీల వెనకబాటు, పర్వాలేదు. అదే భవనంలో సెకనుకు ఐదుసార్లు ఊగే పై మోడ్‌కు (భవనం వంకరలు పోతూ వేగంగా ఊగే తీరుకు) అదే ఆలస్యం 90 డిగ్రీలు, పదిసార్లు ఊగేదానికి 180. ఉయ్యాల మన వైపు వస్తున్నప్పుడు పట్టి ఆపాల్సింది పోయి, వెళ్తున్నప్పుడు వెనకనుంచి తోసినట్టవుతుంది. అంటే యాక్టివ్ వ్యవస్థ తప్పుడు క్షణంలో నెట్టితే ఊపుకు శక్తినిస్తుంది. ఫిల్టర్లు, ఆలస్య సవరణలు, నిపుణుల ట్యూనింగ్ దీన్ని సరిచేస్తాయి, కానీ ఆ నిపుణులు ఏటా రావాలి. యాక్టివ్ కావాలనే పట్టుంటే హైబ్రిడ్ అడగండి. యోకొహామా ల్యాండ్‌మార్క్ టవర్‌లో 1993 నుంచి అదే ఉంది. గ్వాంగ్‌జౌలోని క్యాంటన్ టవర్‌లో 600 టన్నుల నీళ్ల ట్యాంకులు రెండింటినీ బరువులుగా వాడి పైన చిన్న యాక్టివ్ బరువులు కలిపారు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ట్యాంకు మాత్రం ట్యూన్‌డ్ మాస్ డ్యాంపర్‌గా పనిచేస్తూనే ఉంటుంది.

సెమీ యాక్టివ్ ఎప్పుడు

అయస్కాంత క్షేత్రం తగలగానే చిక్కబడే నూనెను 1948లో అమెరికాలో జాకబ్ రాబినో కనిపెట్టారు. ఇనుప రేణువులు కలిసిన ఆ నూనె మిల్లీసెకన్లలో పట్టు మారుస్తుంది. దాంతో చేసిన, 30 టన్నుల బలాన్నివ్వగల ఎంఆర్ (మాగ్నెటోరియలాజికల్) డ్యాంపర్లను 2001లో టోక్యో మిరాయికాన్ మ్యూజియంలో పెట్టారు. చైనాలో డాంగ్‌టింగ్ సరస్సు వంతెన కేబుళ్లకు 312 పెట్టారు. ఇవి నెట్టవు, పట్టి ఆపుతాయి అంతే. అందువల్ల ఆలస్యం వచ్చినా భవనాన్ని ఎగదోయలేవు. కరెంటు పూర్తిగా పోతే సాదా డ్యాంపర్‌లా మిగులుతాయి, పట్టు మాత్రం బాగా తగ్గుతుంది.

కరెంటు ఎంత? 1998లో కజిమా షిజుఓకా భవనంలో పెట్టిన సెమీ యాక్టివ్ హైడ్రాలిక్ డ్యాంపర్లు ఒక్కోటి 70 వాట్లతో నడుస్తాయి. ఎనిమిది ఉంటే 560 వాట్లు. ఇంటి ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగుంటే ఒక రాత్రి గడుస్తుంది. విశాఖకు ఇది పెద్ద తేడా. కానీ అవసరం ఎప్పుడంటే, ఊపు తీరు మారుతూ ఉండే చోట: పొడవాటి వంతెన కేబుళ్లు, క్రేన్లు తిరిగే కట్టడాలు, చిన్న గాలికి ఒక పట్టు, పెద్ద గాలికి ఇంకో పట్టు కావాల్సిన టవర్లు. మామూలు అపార్ట్‌మెంట్‌కు దీని ఖర్చు దండగ. ఎంఆర్ నూనెలో ఇనుము అడుగుకు దిగుతుందని, సీళ్లు అరుగుతాయని గుర్తుంచుకుని, ఏడాదికోసారి కదిలించి చూడాలని ఒప్పందంలో రాయించండి.

యాక్టివ్ నిజంగా గెలిచే చోటు

కరెంటు పోతే పని ఆగుతుందే తప్ప ప్రాణం మీదికి రాని చోట యాక్టివ్‌ను ధైర్యంగా ఎంచుకోండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, లేజర్ కొలతల బల్ల, సున్నితమైన తూకం. గాలి కుషన్ బల్ల సెకనుకు రెండుసార్ల దగ్గర సొంత ఊపును పెంచి చూపిస్తుంది, దానికి కాస్త పైనుంచే అదురును ఆపగలదు. పక్క గదిలో మనుషుల నడక కూడా దాదాపు సెకనుకు రెండు అడుగుల చొప్పునే ఉంటుంది. అక్కడ పియెజో (కరెంటు ఇస్తే అతి కొద్దిగా సాగే స్ఫటికాలతో నడిచే) యాక్టివ్ బల్ల ఒక హెర్ట్జ్, అంటే సెకనుకు ఒక ఊపు దగ్గర్నుంచే పని మొదలుపెడుతుంది. యూనివర్సిటీ ల్యాబ్ రెండో అంతస్తులో ఉంటే తేడా చిత్రంలోనే కనిపిస్తుంది. కుదిరితే ముందు గదిని గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చండి, అది ఉచితం.

కొనే ముందు, కట్టిన తర్వాత

మన తీరంలో ఉప్పుగాలి ఏ పద్ధతినీ వదలదు. బయట పెట్టే డ్యాంపర్ రాడ్లు, పిన్నులు, స్ప్రింగులకు రంగు పూత సరిపోదు, స్టెయిన్‌లెస్ లేదా మందపాటి గాల్వనైజింగ్ అడగండి. ఆయిల్ డ్యాంపర్ కింద చెమ్మ కనిపిస్తే సీలు పోయినట్టే కాబట్టి చేతికందే చోట, నిచ్చెనతో బిగించాలి.

డ్రాయింగు మీది ఊపుకు డ్యాంపర్ ఆర్డర్ చేయకండి. ఇటుక గోడలు కట్టాక భవనం బిగుసుకుంటుంది, రెండు సెకన్లనుకున్నది ఒకటిన్నరకు దిగవచ్చు. ఫ్రేమూ గోడలూ పూర్తయ్యాక పైన యాక్సిలరోమీటర్ పెట్టి అసలు ఊపు కొలవండి. డ్యాంపర్‌కు అటూ ఇటూ సర్దుకునే వీలుండాలని టెండరులోనే రాయండి, నీళ్ల గదులైతే చిన్న తేడాకు లోతు మార్చితే చాలు, పెద్ద తేడాకు గది పొడవూ తగ్గించాలి. బిగించాక పరీక్ష కూడా తేలికే. భవనాన్ని కాస్త ఊపి వదిలితే, ఒక శాతం డ్యాంపింగ్ ఉన్నది సగానికి తగ్గడానికి పదకొండు ఊపులు, అంటే 22 సెకన్లు తీసుకుంటుంది. మూడున్నర శాతం ఉన్నది మూడు ఊపుల్లో, ఆరు సెకన్లకు సగమవుతుంది. గ్రాఫులో ఈ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. కాంట్రాక్టర్‌కు ఇచ్చే ఆఖరి వాయిదాను ఆ గ్రాఫ్ చేతికొచ్చేదాకా ఆపండి, అదే పరీక్షను ప్రతి తుఫాను సీజనుకు ముందూ చేసేలా నిర్వహణ ఒప్పందంలో చేర్చండి.